పెడలు బరువు

టేపక్కకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధిలో అందరూ అంటారు. ముక్కు మీద ఉండేది కళ్ళజోడు. కోపం ఉండేది నోట్లో, గుండుసూదుల పక్కన. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కుదురుగా నిలబడకపోతే ఆ సూదుల సందులోంచే తిడుతుంది, ఒక్క సూదీ కింద పడదు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంది కాబట్టి ఆ పేరు స్థిరపడింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు.

ఆమె కొట్టు ఒక మేడకు మెట్ల కింద ఉన్న గది. లోపలి సగంలో నిలబడితే తల పైకప్పుకు తగులుతుంది కాబట్టి కూర్చుని చేసే పని అక్కడ, నిలబడి చేసే పని గుమ్మం దగ్గర. స్కూళ్ళు తెరిచే ముందు ఆ గదిలో ఊపిరాడదు. మేకు మేకుకూ యూనిఫారాలే. పిల్లల బట్టలు కుట్టడంలో ఆమెకో పద్ధతి ఉంది. ప్రతి కుట్టు లోపలా రెండు వేళ్ళ గుడ్డ మడిచి వదులుతుంది. గుడ్డ దండగ కదా అని ఏ తల్లైనా గొణిగితే, "పిల్ల పెరగదా? అన్నం పెట్టడం మానేశావా?" అంటుంది. ఏడాది తిరిగాక అదే గౌను తెస్తే లోపలి కుట్టు విప్పి వదులు చేసిస్తుంది.

ఇంత వదులు తెలిసిన మనిషి, తమ్ముడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం అంగుళం వదల్లేదు.

వాళ్ళమ్మ కూడా దర్జీయే. తొక్కే మిషను మీద ఇద్దరు పిల్లల్ని పెంచింది. అమ్మ పోయినప్పుడు టేపక్క నగలడగలేదు, గిన్నెలడగలేదు, మిషనొక్కటి అడిగింది. "అది ఈ ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు తమ్ముడు. బొత్తాం ఊడితే పిన్నీసు పెట్టుకు తిరిగేవాడు కుట్టుమిషనుతో ఏం చేసుకుంటాడు? మరదలు దాని మీద టీవీ పెట్టుకుంది. ఆ టీవీ సంగతి విన్న రోజున టేపక్కకు అన్నం సయించలేదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నట్టు, మిషను ఇవ్వనందుకు కాదు, దాని మీద టీవీ పెట్టినందుకు ఆమె తమ్ముడి గడప తొక్కడం మానేసింది. ఫోన్లో మాత్రం బాగున్నావా అంటే బాగున్నాను.

అలాంటిది, ఈసారి స్కూళ్ళు తెరిచే ముందు తమ్ముడే ఫోన్ చేశాడు.

"ప్రెస్సు మూసేశారు. చిన్న ఇంటికి మారిపోతున్నాం. మిషను పెట్టడానికి చోటు లేదు. పాతసామాన్లవాడు బేరమాడుతున్నాడు. కావాలంటే వచ్చి తీసుకుపో."

వాడు పని చేసే అచ్చు ప్రెస్సు మూతపడిందన్న మాట ఆమెకు తర్వాతెప్పుడో తలకెక్కింది. ముందు చెవినపడింది పాతసామాన్లవాడి మాటే. ఇవ్వడం కూడా చేతకాదు వెధవకి, అని ఫోను పెట్టేసింది. ఆ తర్వాత కాసేపు నోట్లో సూదులు పెట్టుకోలేకపోయింది.

రైల్లో వెళ్ళొస్తే యూనిఫారాలు మూలపడతాయి. పార్సిల్లో పంపమనడానికి ప్రాణం ఒప్పలేదు. మందుల షాపులో పనిచేసే కూతురు ఫోనులో గీకి గీకి చవక విమానం పట్టింది. ఇవాళ పొద్దున్న పోయి రేపు మధ్యాహ్నానికి తిరిగొచ్చేయడమే. టికెట్టు చవకే, దాని చుట్టూ ఉన్నవన్నీ ఖరీదు. కిటికీ పక్కన కూర్చుంటే డబ్బు, కాళ్ళు చాపుకుంటే డబ్బు, దాహమేస్తే డబ్బు.

"సామాను మాత్రం జాగ్రత్తమ్మా. కింద వేసేది పదిహేను కిలోలు. చేతిలో ఏడు. ఆపైన ఒక్క కిలో వచ్చినా తోలు వలిచేస్తారు," అంది కూతురు.

"నన్ను కూడా తూస్తారా?"

"నిన్ను తూస్తే విమానమే లేవదు. నోరు చాలు."

స్టాండు ఇనుప కాళ్ళతో సహా తేవడం ఎలాగూ కుదరదు. కాళ్ళు ఏ బజారులోనైనా దొరుకుతాయి. పైనుండే తలకాయే మిషను. అది పదకొండు కిలోల పైచిలుకు ఉంటుందని ఆమెకు తెలుసు. సూట్‌కేసులో పెడితే సూట్‌కేసు బరువే తినేస్తుంది. అందుకని కాన్వాసు గుడ్డతో ఒక సంచి కుట్టింది. అక్కడే దర్జీ బుద్ధి పోనిచ్చుకుంది కాదు. సంచి పెరగదు కదా! అయినా ప్రతి కుట్టు లోపలా రెండు వేళ్ళ గుడ్డ మడిచింది. అడుగు రెండు పొరలు. మిషను మెడ చుట్టూ రావడానికి కట్‌పీసులు కూరిన దిండు. పట్టీలు ఏనుగును కట్టినా తెగవు. కుట్టడం అయ్యాక చేత్తో ఎత్తి చూసి, "దూదిలా ఉంది," అంది. ఆమె చెయ్యికి అన్నీ దూదే.

తమ్ముడి ఇంట్లో సగం సామాను మూటల్లో ఉంది. టీవీ నేల మీద ఉంది. మిషను మీద ఎవరో తుడిచిన తడి ఇంకా ఆరలేదు. మరదలు, "వదినా, మీ తమ్ముడే తుడిచాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు," అంది. తమ్ముడు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. గడ్డం సగం తెల్లబడింది. అంతకు ముందెప్పుడూ అంత చిక్కి ఉండలేదు. ఒంటి మీద చొక్కా కొలత తప్పిందని ఆమె కళ్ళు ముందే చూశాయి. ఏదో అడుగుదామని నోరు తెరిచి, "స్పానరుందా?" అని మాత్రం అడిగింది.

తలకాయ విప్పడం, నూనె తుడవడం, సంచిలో పెట్టడం అంతా ఆమే చేసింది. పాతసామాన్లవాడి కొక్కెం కాటా అద్దెకు తెచ్చి సంచికి తగిలించారు. ఆమె పెద్ద కత్తెర కూడా లోపలే ఉంది. ఊరికెళ్ళినా శ్మశానానికెళ్ళినా ఆ కత్తెర వెంట ఉండాల్సిందే. ముల్లు పదిహేనుకు ఒక గీత కింద ఆగింది.

"చూశావా?" అంది, ఎవరితోనో తెలీకుండా.

"మరి కింది భాగం?" అన్నాడు తమ్ముడు.

"కింది భాగం మోసుకెళ్ళడానికి నేనేం లారీనా? కాళ్ళదేముంది, ఎక్కడైనా దొరుకుతాయి. అమ్మేసుకో."

ఆమె దబ్బనం తీసి సంచి మూతిని మందపాటి దారంతో, పళ్ళు పేర్చినట్టు కుట్టేసింది. ఇక ఎవరూ ఏదీ దోపే వీల్లేదని నిశ్చింత. వాళ్ళ ఇంట్లో ఊరెళ్ళేవాళ్ళ సంచిలో చెప్పకుండా ఏదో ఒకటి పెట్టడం అమ్మ నాటి అలవాటు. చెబితే వద్దంటారని చెప్పరు. ఆ సంగతి తెలిసే మూతి కుట్టింది.

మర్నాడు తమ్ముడు సంచి ముట్టుకోనివ్వలేదు. మెట్లు తనే దింపాడు, బస్సులో తన కాళ్ళ మధ్యే పెట్టుకున్నాడు, విమానాశ్రయం గుమ్మం దగ్గర ట్రాలీ తెచ్చి తనే పెట్టాడు. ఇన్నేళ్ళ తర్వాత ఇంత పని చేస్తున్నాడేమిటని ఆమె గుండె కరిగింది కూడా. "వెళ్ళొస్తా," అంది. "ఊ," అన్నాడు. బస్సు దొరకదని వెంటనే వెళ్ళిపోయాడు.

కౌంటర్లో ఉన్న అమ్మాయి నవ్వు ఇస్త్రీ చేసినట్టుంది. కోటు భుజాలు మాత్రం ఎవడో గుడ్డివాడు కుట్టాడు. టేపక్క మనసులో ఆ భుజాలు విప్పి మళ్ళీ కుడుతుండగా, తూకం మీద ఎర్ర అంకెలు వెలిగాయి. పద్దెనిమిదికి కొంచెం పైన.

"మేడమ్, మూడు కిలోలు ఎక్కువుంది."

"ఉండదమ్మా. నేను తూచాను."

"ఇక్కడ పద్దెనిమిది చూపిస్తోంది మేడమ్."

"అయితే మీ కాటా తప్పు."

అమ్మాయి నవ్వు చెరగకుండా పక్క కౌంటర్లో తూయమంది. అక్కడా పద్దెనిమిదే. వెనక వరసలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. ఎక్కువ బరువుకు ఎంత కట్టాలో అమ్మాయి చెప్పింది. అది విని టేపక్క వెనక్కి తిరిగి చూసింది, వేరే ఎవరితోనైనా అంటోందేమోనని. టికెట్టు కంటే అదే ఎక్కువ. ఆమె పర్సులో ఇంటికెళ్ళే ఆటో డబ్బులే ఉన్నాయి. కూతురికి ఫోన్ చేసింది. షాపులో ఉన్నంతసేపూ ఆ పిల్ల ఫోను మూగది.

"నలభై ఏళ్ళుగా కొలుస్తున్నాను. ఒక్క అర అంగుళం తేడా రాలేదు. రాత్రికి రాత్రి ఇనుము కడుపుతో ఉంటుందా, మూడు కిలోలు పెరగడానికి?"

"కౌంటర్ కాసేపట్లో మూసేస్తాం మేడమ్. ఏదైనా తీసేస్తారా, కడతారా?"

ఎవరు ఎన్ని చెప్పినా ఆ అమ్మాయి దగ్గర ఉన్నవి రెండే మాటలు, తియ్యి లేదా కట్టు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. టేపక్క సంచిని పక్కకు లాగి, అక్కడే నేల మీద కూలబడింది. అప్పుడు కనబడింది మూతి కుట్టు. అది ఆమె కుట్టు కాదు. వంకర టింకరగా, ఒకటి బారెడు, ఒకటి మూరెడు, చివర ముడి కూడా వేయకుండా దారం నాలుగు చుట్లు చుట్టి వదిలేసిన కుట్టు.

ఎవరో ఏదో పెట్టారు. సంచుల్లో దొంగసరుకు దోపేవాళ్ళ గురించి పేపర్లలో చదివినవన్నీ గుర్తొచ్చాయి. దారం లాగేసి లోపలికి చెయ్యి పెడితే, తలకాయ కింద తమ్ముడి పాత చొక్కా తగిలింది. చొక్కాలో చుట్టి ఉంది మిషను పెడలు, కాళ్ళు పెట్టి తొక్కే ఇనుప పలక.

భయం పోయిన చోట కోపం వచ్చి కూర్చుంది. ఫోను కొట్టింది.

"ఒరేయ్, సంచిలో ఏం పెట్టావు?"

బస్సు హారన్ల మధ్య తమ్ముడి గొంతు వినిపించింది. "పెడలు."

"నన్నడిగావా? ఇక్కడ గ్రాము గ్రామూ తూస్తున్నారు! అందరి ముందూ నన్ను నేల మీద కూర్చోబెట్టావు కదరా! పెడలు నా దగ్గర లేదా? బజార్లో దొరకదా?"

"అలాంటిది దొరకదు."

"ఏం, దానికి బంగారం పూత ఉందా?"

"చూడు దాన్ని. ఒక పక్కే అరిగి ఉంటుంది."

ఆమె చూసింది. కుడి పక్క పూల నగిషీ అంతా అరిగి నున్నగా ఉంది. ఎడమ పక్క పువ్వులు కొత్తగా పోత పోసినట్టే ఉన్నాయి. ఎందుకలా ఉందో అక్కకు తెలుసు. వాడు పసివాడుగా ఉన్నప్పుడు అమ్మ కుడుతుంటే మిషను కింద దూరి, పెడలు మీద తలపెట్టుకుని నిద్రపోయేవాడు. వాడి తలకు కాలు తగలకుండా అమ్మ కుడికాలొక్కటే పెట్టి తొక్కేది. వాడు పెద్దవాడైన తర్వాత కూడా ఆ ఒంటికాలి అలవాటు ఆమెకు పోలేదు.

"నేను ఎందుకివ్వలేదనుకున్నావ్ అప్పుడు? మిషను కోసమా? నాకు కుట్టొచ్చా?" అన్నాడు తమ్ముడు. "ఇప్పుడు చిన్న గదిలోకి పోతున్నాను. తలకాయ నీ దగ్గర, అది పాతసామాన్లవాడి దగ్గర... మనసొప్పలేదు. అక్కడే బరువెక్కువైతే తీసి పారెయ్. చెత్తబుట్టలో వేసెయ్. నేను వెనక్కి రావాలంటే గంట పడుతుంది."

"డబ్బులు..." అని మొదలుపెట్టి ఆమె ఆగిపోయింది. ఇల్లు ఖాళీ చేస్తున్నవాణ్ణి ఏమడుగుతుంది? వాడి మీద పీకలదాకా కోపముంది, వాణ్ణి పట్టుకుని ఏడవాలనీ ఉంది, కౌంటర్ అమ్మాయేమో గడియారం చూస్తోంది. "పెట్టెయ్ ఫోను," అని తనే పెట్టేసింది.

పెడలు చేతిసంచిలో వేసుకుపోతానంది. ఇనుప పలక లోపలికి రానివ్వరని అమ్మాయి చెప్పింది. ఇక్కడ మీ దగ్గరే ఉంచండి, మా తమ్ముడొచ్చి తీసుకుంటాడంది. వదిలిన వస్తువేదైనా భద్రతావాళ్ళు తీసుకెళ్ళి పారేస్తారని చెప్పింది. ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదు, అదే టేపక్కకు మరీ మంట. తిట్టడానికి ఒక మనిషి కూడా సరిగ్గా దొరకలేదు.

అప్పుడామె పెద్ద కత్తెర తీసింది. దూరంగా ఉన్న భద్రతా జవాను గబగబా రెండు అడుగులు ముందుకేశాడు. "భయపడకు నాయనా, గుడ్డకే," అని, సంచి లోపలి మడతలు కత్తిరించడం మొదలుపెట్టింది. జన్మలో మొదటిసారి తను వదిలిన గుడ్డను తనే కోసింది. కాన్వాసు పీలికలు చుట్టూ పడ్డాయి. తూస్తే ఇంకా రెండున్నర ఎక్కువుంది. రెండో పొర అడుగు కోసింది. పట్టీలు కోసింది. ఇంకా ఎక్కువే. చివరికి సంచే తీసి పక్కన పడేసింది. మిగిలినవి తలకాయ, దాని మెడ చుట్టూ కట్‌పీసుల దిండు, పెడలు, కత్తెర. ముల్లు, కాదు ఆ ఎర్ర అంకె, ఇంకా పదిహేను దాటే ఉంది.

కత్తెర పక్కన పెట్టేసింది. కొట్టు తెరిచిన రోజు నుంచి ఆమె చేతిలో అరిగిన కత్తెర. "మీ ఇంట్లో ఎవరైనా కుడతారా?" అని అమ్మాయినడిగింది. మేం తీసుకోకూడదు మేడమ్ అంది అమ్మాయి. ఈసారి ఆ ముఖంలో నవ్వు లేదు. జవాను దాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేశాడు. అందులో అప్పటికే నెయిల్ కట్టర్లు, ఒక స్క్రూడ్రైవరు, ఎవరిదో గొడుగు ఉన్నాయి.

ఇంకా కాస్త ఎక్కువుంది. మిగిలింది దిండే. పెడలు తీసేస్తే దిండుంటుంది. దిండు తీసేస్తే పెడలుంటుంది. తలకాయది పోత ఇనుము, అది ఎంత బరువైనా మోస్తుంది గానీ చిన్న దెబ్బ ఓర్చుకోదని ఆమెకు తెలీనిది కాదు. వరసలో వాళ్ళు, "ఎంతసేపండీ?" అంటున్నారు. మీ తాతల సొమ్మేం పోయింది, అనుకుంది గానీ నోరు పెగల్లేదు. నలభై ఏళ్ళు నోరే ఆస్తి అనుకున్న మనిషికి సరిగ్గా అప్పుడే నోరు రాలేదు.

దిండు తీసేసింది. తమ్ముడి చొక్కా విప్పి తలకాయకు చుట్టింది. పెడలును తన తువ్వాలులో చుట్టి పక్కన పెట్టింది. వాళ్ళిచ్చిన పల్చటి ప్లాస్టిక్ సంచిలో రెండూ దింపి టేపు వేశారు. అంకె పదిహేను దగ్గర ఆగింది. అమ్మాయి ఒక చీటీ ముందుకు జరిపి, "ప్యాకింగ్ సరిగా లేదని ఒక సంతకం పెట్టండి మేడమ్," అంది. టేపక్క పెట్టింది.

విమానంలో నీళ్ళు కొనలేదు. దారి పొడుగునా తమ్ముణ్ణి ఎన్ని రకాలుగా తిట్టవచ్చో అన్ని రకాలుగా తిట్టింది. మధ్యలో అమ్మనూ తిట్టింది, ఈ చెప్పకుండా పెట్టే అలవాటు నేర్పినందుకు.

దిగాక బెల్టు మీద అందరి పెట్టెలూ వచ్చాయి. అన్నిటికంటే చివర ప్లాస్టిక్ సంచి, పక్కకు ఒరిగి వచ్చింది. రెండు చేతులతో ఎత్తగానే లోపల ఏదో కదిలింది. కదలకూడనిది. ట్రాలీ పక్కన కూర్చుని టేపు చింపింది. చొక్కా విప్పింది. మిషను మెడ విరిగి, సూది ఉండే భాగం వేరుగా ఆమె చేతిలోకి వచ్చింది. విరిగిన చోట ఇనుము లోపల బూడిద రంగులో గరుగ్గా ఉంది. పెడలుకు చిన్న గీత కూడా పడలేదు.

ఫిర్యాదుల బల్ల దగ్గర కుర్రాడు చీటీ తిప్పి సంతకం చూపించాడు. "ప్యాకింగ్ సరిగా లేదని మీరే ఒప్పుకున్నారు కదండీ."

"ప్యాకింగ్ ఉండింది బాబూ. మీ పదిహేను కిలోలు తినేసింది."

"దానికి మేమేం చేస్తామండీ."

నిజమే, వాళ్ళేం చేస్తారు. ఎవరూ ఏమీ చేయలేదు. అందరూ వాళ్ళ పని వాళ్ళు సరిగ్గానే చేశారు, ఆమె చేతిలో మాత్రం రెండు ముక్కలున్నాయి. ఆటో కోసం బయట నిలబడితే ఫోను మోగింది.

"చేరావా?" అన్నాడు తమ్ముడు.

"చేరాను."

"మిషను?"

టేపక్కకు అబద్ధాలు రాక కాదు. రేపిస్తానన్న జాకెట్టు వారం తర్వాత ఇచ్చేదాకా ఆమె చెప్పేవన్నీ అవే. చేరిందిరా అనేస్తే పోయేది. గొంతు దాకా వచ్చింది కూడా.

"మెడ విరిగిందిరా."

"నేనది పెట్టకపోతే..."

"పెట్టకపోతే విరిగేది కాదు. నీ వల్లే విరిగింది. నీ వల్ల కాకపోతే ఎవరి వల్ల? అడిగినప్పుడు ఇవ్వలేదు. అడగనిది చెప్పకుండా ఇచ్చావు. ఒక్క మాట, ఒక్క మాట చెప్పి ఉంటే ఏమయ్యేది నీకు? అన్ని సంవత్సరాల కిందటే చెప్పి ఉంటే ఏమయ్యేది?"

తమ్ముడు ఏడుస్తున్నట్టు తెలుస్తోంది. ఆమె కూడా ఏడుస్తోంది, అయితే ఆమెకు ఏడుపూ కోపం గొంతుతోనే వస్తుంది కాబట్టి పక్కనున్న ఆటోవాడు రెండడుగులు వెనక్కి జరిగాడు.

"ఆ పెడలు పారెయ్ అక్కా. దరిద్రం, పారెయ్," అన్నాడు తమ్ముడు.

"పారేసేదాన్నైతే అక్కడే పారేసేదాన్ని కదరా, వెధవా," అంది టేపక్క. "దాన్ని పారేయలేకే కదరా, అమ్మ మిషను విరగ్గొట్టుకున్నాను."